కేంద్రకం కథ – 9: హాఫ్నియం చెప్పిన లెక్క

1949 చివర్లో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ టౌన్స్ ఒక ప్రసంగం చేశాడు. మేజర్‌ను కనిపెట్టి, లేజర్‌కు దారి వేసి, లోకప్రసిద్ధుడు కావడానికి ఆయనకు ఇంకా కొన్నేళ్లుంది. ఆ రోజు ఆయన చెప్పిన విషయం వేరు. అంతవరకు రకరకాల ప్రయోగశాలల్లో కొలిచిన కేంద్రకాల ఆకారాలను వరసగా పేర్చి, కొత్తగా వచ్చిన సిద్ధాంతంతో పోల్చి చూపించాడు. ప్రోటాన్ల లేదా న్యూట్రాన్ల పొరలు పూర్తిగా నిండే మ్యాజిక్ నంబర్ల దగ్గర బాగానే కుదిరింది. వాటికి దూరంగా జరిగేకొద్దీ సిద్ధాంతం ఒకటి చెబుతోంది, కొలత ఇంకొకటి చెబుతోంది. తేడా అరా కొరా కాదు, ఎన్నో రెట్లు.

కంటికి కనపడని కేంద్రకం ఆకారాన్ని ఎలా కొలిచారన్నది ముందు తెలియాలి. పరమాణువు విడిచే కాంతిని బాగా విడదీసి చూస్తే, ఒక్క గీతలా కనిపించేది నిజానికి పక్కపక్కనే ఉన్న కొన్ని సన్నని గీతల కట్ట అని తేలుతుంది. చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ల మీద కేంద్రకం చూపే ప్రభావం వల్ల వచ్చే చీలిక అది. కేంద్రకం అచ్చమైన గోళమైతే ఆ గీతల మధ్య దూరాలు ఒక నియమానికి కట్టుబడి ఉంటాయి. 1935లో జర్మనీలో హెర్మన్ షూలర్, థియోడర్ ష్మిట్ యూరోపియం కాంతిని పరీక్షిస్తే ఆ నియమం తప్పింది. యూరోపియం కేంద్రకం గోళం కాదని దానర్థం. మరుసటి ఏడాదికల్లా డచ్ శాస్త్రవేత్త హెండ్రిక్ కాసిమిర్ ఆ తేడానుంచి ఆకారాన్ని లెక్కగట్టే సూత్రం ఇచ్చాడు. కేంద్రకం గోళంనుంచి ఎంత పక్కకు జరిగిందో చెప్పే ఆ కొలతకు క్వాడ్రుపోల్ మొమెంట్ అని పేరు.

అంటే కేంద్రకం గుండ్రంగా లేదన్న సంగతి 1949 నాటికి పద్నాలుగేళ్ల పాత వార్త. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోకపోవడమే వింత.

పట్టించుకోక తప్పని పరిస్థితి మేరియా మేయర్, హాన్స్ జెన్సన్‌ల కర్పర నమూనా వల్ల వచ్చింది. గత భాగంలో చెప్పుకున్నట్టు, ఆ నమూనాలో ప్రతి ప్రోటాన్, ప్రతి న్యూట్రాన్ తన కక్ష్యలో తాను తిరుగుతుంది. జతలు కట్టినవన్నీ కలిసి నిండైన గోళంగా సర్దుకుంటాయి. ఆకారంలో వంకర ఏదైనా ఉంటే అది జత కుదరని ఆఖరి కణం పుణ్యమే. ఈ లెక్కన వంకర చాలా కొద్దిగా ఉండాలి. ల్యుటీషియం, టాంటలం లాంటి మూలకాల్లో కొలిచిన విలువలు చూస్తే, ఒక్క ప్రోటాన్ కాదు కదా, పది పన్నెండు ప్రోటాన్లు కూడబలుక్కున్నా చాలేట్టు లేవు. ఆఖరి కణం న్యూట్రాన్ అయిన కేంద్రకాల్లోనూ అదే వరస. న్యూట్రాన్‌కు ఆవేశమే లేదు. ఆవేశం లేని కణం ఆవేశపు ఆకారాన్ని ఎలా మార్చింది?

సభలో జేమ్స్ రెయిన్‌వాటర్ కూర్చుని ఉన్నాడు. ఇడాహో రాష్ట్రంలోని కౌన్సిల్ అనే చిన్న ఊళ్లో పుట్టినవాడు, స్వభావానికి ప్రయోగశాల మనిషి. టౌన్స్ చెబుతుండగానే ఆయనకు ఒక ఆలోచన తట్టింది. ఆఖరి కణం లోపలి గోళం చుట్టూ ఊరికే తిరగదు. తిరుగుతూ గోళాన్ని తన కక్ష్య వైపు ఒత్తుతుంది. గోళం ఉక్కుతో చేసింది కాదు, కాస్త సాగుతుంది. అది సాగితే కణానికి శక్తి కలిసివస్తుంది, గోళానికి శక్తి ఖర్చవుతుంది. రెండూ తూచి చూస్తే చాలా కేంద్రకాల్లో సాగడమే లాభం. అప్పుడు వంకర ఆకారం ఒక్క కణానిది కాదు, లోపలున్న డెబ్భై ఎనభై ప్రోటాన్లు కలిసి తెచ్చుకున్నది. ఆఖరిది న్యూట్రాన్ అయినా ఫలితం ఒకటే. ఈ వాదనతో ఆయన రాసిన వ్యాసం 1950లో ఫిజికల్ రివ్యూలో వచ్చింది. చిన్న వ్యాసమే.

ఆ రోజుల్లో కొలంబియాలో రెయిన్‌వాటర్ గదిలోనే ఇంకొకరి బల్ల ఉండేది. ఆయన ఆగె బోర్, నీల్స్ బోర్ కొడుకు. తండ్రికి నోబెల్ బహుమతి వచ్చిన 1922లోనే పుట్టాడు. యుద్ధకాలంలో తండ్రీకొడుకులిద్దరూ లాస్ అలమోస్ వెళ్లినప్పుడు భద్రత కోసం పెద్దాయనను నికొలస్ బేకర్ అని, చిన్నాయనను జేమ్స్ బేకర్ అని పిలిచేవారు. కొడుకు తండ్రికి సహాయకుడిగా, కార్యదర్శిగా, తర్కించడానికి తోడుగా ఉండేవాడు. తర్కం వాళ్లింట్లో ఆనవాయితీ.

ఈ కేంద్రకం ఆకారం గొడవలో ఆ ఇంటి ఆస్తి కూడా కొంత ఉంది. 1936లో నీల్స్ బోర్, కేంద్రకాన్ని విడివిడి కణాల సమూహంగా చూడటం దండగ అన్నాడు. లోపల కణాలు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే ఒకదానికి తగిలిన దెబ్బ క్షణంలో అన్నిటికీ పంచబడుతుంది. కాబట్టి కేంద్రకం ఒక ద్రవ బిందువు. మరుసటి ఏడాది ఫ్రిట్జ్ కల్కార్‌తో కలిసి ఆ బిందువు ఉపరితలం ఎలా కంపిస్తుందో లెక్క వేశాడు. 1939లో యురేనియం విచ్ఛిత్తి బయటపడినప్పుడు దాన్ని వివరించడానికి మైట్నర్, ఫ్రిష్‌లకు దారి చూపింది ఈ బిందువే. పదేళ్లు తిరిగేసరికి మేయర్, జెన్సన్ వచ్చి, లేదు, ఎవరి కక్ష్యలో వారు తిరుగుతున్నారని రుజువు చేశారు. ఇద్దరి మాటా ప్రయోగానికి నిలిచింది. ఇద్దరి మాటా ఒకేసారి నిజమయ్యే వీలు మాత్రం ఎవరికీ కనిపించలేదు.

రెయిన్‌వాటర్‌తో జరిపిన చర్చలు పట్టుకుని ఆగె బోర్ 1950లో కోపెన్‌హేగెన్ తిరిగి వెళ్లాడు. రెయిన్‌వాటర్ తన సైక్లోట్రాన్ పనిలో పడిపోయాడు. 1953లో వాల్ ఫిచ్‌తో కలిసి, సీసం లాంటి పరమాణువుల్లో ఎలక్ట్రాన్ స్థానంలో మ్యూయాన్ అనే బరువైన కణాన్ని దింపి, అది విడిచే ఎక్స్-కిరణాలను బట్టి కేంద్రకం అందరూ అనుకున్నదానికన్నా చిన్నదని చూపించాడు. సాగిన గోళం ఆలోచన ఆయన చెయ్యి దాటి డెన్మార్క్ చేరింది.

ఆగె బోర్ వేసుకున్న ప్రశ్న రెయిన్‌వాటర్ వేసుకోనిది. వస్తువు అచ్చమైన గోళమైతే అది తిరిగిందో లేదో చెప్పడం క్వాంటం యాంత్రికశాస్త్రంలో అసాధ్యం. ఎటు తిప్పినా ఒకేలా ఉండేదానికి తిరగడమన్న మాటకే అర్థం లేదు. అదే కేంద్రకం ఒకవైపు సాగి ఉంటే దానికి ఒక దిశ ఏర్పడుతుంది. దిశ ఉన్నది తిరగగలదు. తిరిగేదానికి భ్రమణ శక్తి ఉంటుంది. క్వాంటం నియమాల ప్రకారం ఆ శక్తి మెట్లు మెట్లుగా ఉండాలి. కాబట్టి కేంద్రకం తిరుగుతుంటే దాని గామా కిరణాల వర్ణపటంలో ఆ మెట్లు కనిపించి తీరాలి.

ఆ మెట్ల లెక్క కొత్తది కాదు. రసాయనశాస్త్రజ్ఞులు అణువుల వర్ణపటాల్లో దాన్ని ఎన్నో ఏళ్లుగా వాడుతున్నారు. స్పిన్ (కోణీయ ద్రవ్యవేగం) విలువ ఐ అయితే శక్తి, ఐని దానికంటే ఒకటి ఎక్కువైన సంఖ్యతో గుణిస్తే వచ్చే అంకెకు అనులోమంగా ఉంటుంది. ప్రోటాన్ల సంఖ్య, న్యూట్రాన్ల సంఖ్య రెండూ సరిసంఖ్యలైన కేంద్రకంలో, దాని సౌష్ఠవం వల్ల, స్పిన్ 0, 2, 4, 6, 8 మాత్రమే వస్తాయి. గుణిస్తే 0, 6, 20, 42, 72. మొదటి మెట్టును 1 అనుకుంటే తర్వాతివి 3.33, 7, 12. కేంద్రకం బరువెంత, వెడల్పెంత, లోపల బలాలేమిటి అన్నవేవీ ఈ నిష్పత్తుల్లో లేవు. అంకెలు కుదిరాయా, కేంద్రకం తిరుగుతున్నట్టు. కుదరలేదా, సిద్ధాంతం చెత్తబుట్టలోకి. ఇంత నిర్మొహమాటంగా పరీక్షకు నిలబడే సిద్ధాంతాలు కేంద్రక శాస్త్రంలో అరుదు.

1950లోనే కోపెన్‌హేగెన్‌కు బెన్ మొట్టెల్సన్ వచ్చాడు. షికాగోలో పుట్టి, హార్వర్డ్‌లో జూలియన్ ష్వింగర్ దగ్గర డాక్టరేట్ చేసి, ఫెలోషిప్ మీద కొద్దికాలానికని వచ్చినవాడు. ఆ కొద్దికాలం డెబ్భై ఏళ్లు దాటింది. 1971లో డెన్మార్క్ పౌరసత్వం తీసుకుని, 2022లో అక్కడే కన్నుమూశాడు. బోర్, మొట్టెల్సన్ పేర్లు విడదీసి పలకడం కేంద్రక శాస్త్రంలో ఇవాళ్టికీ అలవాటు లేదు.

వాళ్లకు కావలసిన సాక్ష్యం చాలావరకు అప్పటికే కొలిచి ఉంది. అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో మారిస్ గోల్డ్‌హేబర్, ఆండ్రూ సన్యార్ 1951లో ఐసోమర్లను, అంటే ఉత్తేజిత స్థితిలో చాలాసేపు చిక్కుకుపోయే కేంద్రకాలను, వర్గీకరిస్తూ ఒక విడ్డూరం గమనించారు. ఉత్తేజిత కేంద్రకం గామా కిరణం విడిచి కిందికి దిగడానికి ఎంతసేపు పట్టాలో, ఒక్క ప్రోటాన్ కక్ష్య మారుతుందనుకుని లెక్క వేయవచ్చు. కొన్ని రకాల గామా కిరణాలు ఆ లెక్కకన్నా వంద రెట్లకు మించిన వేగంతో వెలువడుతున్నాయి. ఒక్క ప్రోటాన్‌కు అంత చేవ లేదు. చాలా ప్రోటాన్లు ఒక్క లయలో కదిలితే తప్ప అంత వేగం రాదు.

అసలు రుజువు హాఫ్నియం-180 దగ్గర దొరికింది. కాకతాళీయమే గానీ చెప్పుకోదగ్గదే: హాఫ్నియం మూలకాన్ని 1920ల తొలినాళ్లలో డిర్క్ కోస్టర్, జార్జ్ హెవెసీ కనిపెట్టింది నీల్స్ బోర్ సంస్థలోనే, ఎక్స్-కిరణాల వర్ణపటం ద్వారానే. మామూలు హాఫ్నియంను రియాక్టర్‌లో న్యూట్రాన్లకు గురిచేస్తే అందులో కొన్ని కేంద్రకాలు ఎక్కువ స్పిన్‌తో ఒక ఎత్తైన స్థితిలో చిక్కుకుంటాయి. అక్కడినుంచి అవి తేలిగ్గా దిగలేవు. ఈ ఐసోమర్ అర్ధాయువు అయిదున్నర గంటలు. కేంద్రకాల ప్రమాణంలో అది యుగం. దిగడం మొదలయ్యాక ముందు 57, తర్వాత 443, 332, 215, 93 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. (ఇకపై ఈ ప్రమాణాన్ని కె.ఈ.వి. అందాం.) పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. రేడియోధార్మిక నమూనా, మంచి వర్ణపటమాపకం, ఓపిక ఉంటే చాలు.

ఈ ఆఖరి నాలుగు అంకెలను కిందినుంచి కూడుతూ పోతే మెట్ల ఎత్తులు తెలుస్తాయి: 93, 309, 641, 1084. పాఠకులు కాగితం మీద వేసి చూసుకోవచ్చు. మొదటి మెట్టు 93.3 అయితే భ్రమణ సూత్రం ప్రకారం రెండోది 311, మూడోది 653, నాలుగోది 1120 ఉండాలి. 1953లో బోర్, మొట్టెల్సన్ ఈ లెక్కను ప్రకటించినప్పుడు కేంద్రకం తిరుగుతుందా లేదా అన్న చర్చ దాదాపు ముగిసినట్టే అయింది.

దాదాపు అనడానికి కారణం ఉంది. కుదిరిన భాగంకన్నా కుదరని భాగమే రుచికరమైనది. రెండో మెట్టు దగ్గర లోటు రెండు, మూడో మెట్టు దగ్గర పన్నెండు, నాలుగో మెట్టు దగ్గర ముప్పై ఆరు. లోటు ఒక క్రమంలో పెరుగుతోంది. వేగం పెరిగేకొద్దీ కేంద్రకం మరి కాస్త మారుతూ, దాని జడత్వ భ్రామకం పెరుగుతోందన్నమాట. ఆ మార్పు ఎక్కడిదాకా పోతుందన్న ప్రశ్న అప్పుడే పుట్టింది. జవాబుకు ఇరవై ఏళ్లు పట్టింది.

ఐసోమర్లు అన్ని మూలకాల్లోనూ దొరకవు. దొరికినదానికోసం ఎదురుచూడకుండా కేంద్రకాన్ని కావాలని తిప్పడం కోపెన్‌హేగెన్‌లోనే టోర్బెన్ హూస్, జుపాన్‌చిచ్ 1953లో చేసి చూపించారు. టాంటలం మీదకు ప్రోటాన్లను వదిలారు. వాటి శక్తి ఎంత తక్కువంటే అవి కేంద్రకాన్ని తాకనైనా తాకలేవు, విద్యుత్ వికర్షణ దూరంనుంచే తోసేస్తుంది. కానీ దగ్గరగా వచ్చి మళ్లిపోయే ఆ క్షణంలో ప్రోటాన్ విద్యుత్ క్షేత్రం సాగిన కేంద్రకాన్ని ఒక విసురు విసురుతుంది. కేంద్రకం తిరగడం మొదలుపెట్టి, గామా కిరణం విడిచి మళ్లీ ఆగుతుంది. కూలుంబ్ ఉత్తేజనం అనే ఈ పద్ధతిలో కేంద్రక బలాల గొడవే లేదు, అంతా తెలిసిన విద్యుత్ శాస్త్రమే. అందుకే లెక్కలు నిక్కచ్చిగా తేలుతాయి. టాంటలం-181లో మొదటి రెండు మెట్లు 136, 302. దాని స్పిన్ 7/2తో మొదలవుతుంది కాబట్టి నిష్పత్తి 20కి 9, అంటే 2.22 రావాలి. 302ని 136తో భాగించి చూడండి. అదే ఏడాది అమెరికాలో మెక్‌లెలండ్, గుడ్‌మన్ కూడా టాంటలంతోనే ఈ ప్రయోగం చేశారు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఫ్రాంక్ అసారో, ఐసడోర్ పెర్ల్‌మన్ ఆల్ఫా కిరణాల సన్నని చీలికల్లో ఇవే నిష్పత్తులు పట్టుకున్నారు. ప్లుటోనియం-238 ఆల్ఫా విడిచి యురేనియం-234గా మారినప్పుడు కనిపించే మెట్లు 43, 143. నిష్పత్తి 3.3.

ఇంతకీ ఏ కేంద్రకాలు తిరుగుతాయి, ఏవి తిరగవు? ఈ పటాన్ని గీసినవారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు గెర్ట్రూడ్ షార్ఫ్-గోల్డ్‌హేబర్. ఆమె జర్మనీలోని మాన్‌హైమ్‌లో యూదు కుటుంబంలో పుట్టింది. హిట్లర్ వచ్చాక మ్యూనిక్‌లో డాక్టరేట్ ముగించి లండన్‌కు తరలిపోయింది. మారిస్ గోల్డ్‌హేబర్‌ను పెళ్లాడి అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి వస్తే, భర్త పనిచేసే చోట భార్యకు ఉద్యోగం ఇవ్వకూడదన్న నిబంధన అడ్డొచ్చింది. ఏళ్ల తరబడి భర్త ప్రయోగశాలలో జీతం లేకుండా పరిశోధన చేసింది. 1950లో బ్రూక్‌హేవెన్‌లో చేరాకగానీ ఆమెకంటూ ఒక స్థానం దొరకలేదు. మూడేళ్లు తిరక్కుండానే, 1953లో, సరి-సరి కేంద్రకాల తొలి ఉత్తేజిత స్థితులను ఒక పద్ధతిలో పేర్చి చూపిన వ్యాసం వెలువరించింది.

ఆ పట్టికలో సమేరియం వరస చూస్తే చాలు. సమేరియం-150లో మొదటి మెట్టు 334, రెండోది 773, నిష్పత్తి 2.3. రెండు న్యూట్రాన్లు చేర్చి సమేరియం-152కి వస్తే మొదటి మెట్టు 122కి పడిపోతుంది, నిష్పత్తి 3కి చేరుతుంది. ఇంకో రెండు చేరిస్తే 82, నిష్పత్తి 3.25. నూటయాభై కణాల గుంపులో రెండే రెండు న్యూట్రాన్లు వచ్చి చేరగానే గుంపంతా ఆకారం మార్చుకుంటోంది. న్యూట్రాన్ల సంఖ్య 88నుంచి 90కి మారేచోట ఈ మలుపు ఎందుకంత ఉన్నట్టుండి వస్తుందన్నది ఇప్పటికీ సిద్ధాంతకర్తలకు చేతినిండా పనే.

తిరగని వాటి సంగతేమిటి? షార్ఫ్-గోల్డ్‌హేబర్, జోసెఫ్ వెనెసర్ 1955లో దానికీ ఒక క్రమం చూపారు. గోళాకారానికి దగ్గరగా ఉన్న కేంద్రకాలు తిరగవు, కంపిస్తాయి. నీల్స్ బోర్, కల్కార్ ఊహించిన బిందువు ఊపే అది. కంపనమైతే మెట్లు సమదూరంలో ఉండాలి, రెండో మెట్టు దగ్గర ఒకటి కాక మూడు స్థితులు గుమిగూడి ఉండాలి. కాడ్మియం-114లో మొదటి మెట్టు 558. దానికి రెట్టింపు 1116. ఆ పరిసరాల్లో 1134, 1209, 1283 దగ్గర మూడు స్థితులున్నాయి, స్పిన్‌లు 0, 2, 4. పాఠ్యపుస్తకాలు దశాబ్దాలపాటు ఈ బొమ్మనే అచ్చువేశాయి. అయితే ఈ శతాబ్దంలో కాడ్మియం ఐసోటోపుల మీద జరిగిన నిశితమైన గామా వర్ణపట పరిశోధనల్లో పై మెట్ల గామా కిరణాల వేగాలు ఆ బొమ్మకు లొంగలేదు. కాడ్మియం నిజంగా కంపిస్తోందా, లేక రకరకాల ఆకారాల మధ్య ఊగిసలాడుతోందా అన్న వాదం ఇంకా నడుస్తోంది. భ్రమణానికి హాఫ్నియంలా కంపనానికి తిరుగులేని సాక్షి ఇంతవరకు దొరకలేదనే అనాలి.

సామూహిక చలనాల్లో మరో పెద్ద శాఖ ఉంది. 1947లో అమెరికాలోని షెనెక్టడీలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ బీటాట్రాన్ మీద బాల్డ్‌విన్, క్లైబర్ ఎక్స్-కిరణాలతో యురేనియం, థోరియంలను విచ్ఛిత్తి చేయిస్తూ, ఒక శక్తి దగ్గర కేంద్రకం ఉన్నట్టుండి విపరీతంగా స్పందించడం చూశారు. ప్రోటాన్లన్నీ ఒకవైపు, న్యూట్రాన్లన్నీ ఎదురువైపు ఊగే ఆ భారీ అనునాదం కథ వేరే భాగానికి సరిపడా ఉంది. ఇక్కడికి దాన్ని వదిలేద్దాం.

మళ్లీ భ్రమణం దగ్గరకు వస్తే, మెట్ల నిష్పత్తులు బాగానే కుదిరినా, మెట్ల ఎత్తు ఒక చిక్కు తెచ్చిపెట్టింది. ఎత్తునుబట్టి జడత్వ భ్రామకం తెలుస్తుంది. కేంద్రకం గట్టి ముద్దలా తిరిగితే రావలసిన విలువలో సగం, కొన్నిచోట్ల అంతకన్నా తక్కువే వస్తోంది. పలచని ద్రవంలా ఉపరితలం మాత్రమే జారుతోందనుకుంటే మరీ తక్కువ రావాలి. అసలు విలువ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంది. ఉడికిన గుడ్డును బల్లమీద తిప్పితే మొత్తం ఒక్కటిగా తిరుగుతుంది, పచ్చి గుడ్డులో పెంకు తిరిగినా సొన వెనకబడుతుంది. కేంద్రకం ఈ రెండూ కాని తీరున ప్రవర్తిస్తోంది.

ఈ ముడి విప్పడానికి సాయం లోహాలవైపునుంచి వచ్చింది. 1957లో బార్డీన్, కూపర్, ష్రీఫర్ అతివాహకతను వివరించారు. అతి శీతల లోహంలో ఎలక్ట్రాన్లు జతలు కట్టి, ఘర్షణ లేకుండా ప్రవహిస్తాయి. ఆ వేసవిలోనే డేవిడ్ పైన్స్ కోపెన్‌హేగెన్‌కు వచ్చాడు. బోర్, మొట్టెల్సన్, పైన్స్ ముగ్గురూ కలిసి 1958లో రాసిన చిన్న వ్యాసంలో కేంద్రకంలోనూ ఇటువంటి జతలే ఉన్నాయన్నారు. సరి-సరి కేంద్రకాల్లో ఒక కణాన్ని లేపడానికి పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయిలో శక్తి కావాలి, ఎందుకంటే ముందు జత విడగొట్టాలి. జత కట్టిన కణాలు భ్రమణంలో పూర్తిగా పాలుపంచుకోవు. జడత్వ భ్రామకం తగ్గడానికి కారణం అదే. సోవియట్ శాస్త్రవేత్త స్పార్టక్ బెల్యాయెవ్ 1959లో దీన్ని గట్టి గణితంలో పెట్టాడు.

ఈ దశకంలోనే విశాఖపట్నంలో ఒక సన్యాసి కేంద్రక భౌతికశాస్త్ర ప్రయోగశాలను నిలబెడుతున్నారు. భీమవరం దగ్గరి గొరగనమూడిలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజుగా పుట్టి, హిమాలయాలకు వెళ్లి యోగసాధన చేసి, ఐరోపాకు వెళ్లాక భౌతికశాస్త్రం వైపు మళ్లిన స్వామి జ్ఞానానంద ఆయన. ప్రేగ్‌లో ఎక్స్-కిరణాల వర్ణపటాల మీద, లివర్‌పూల్‌లో న్యూట్రాన్‌ను కనిపెట్టిన చాడ్విక్ దగ్గర బీటా కిరణాల వర్ణపటాల మీద పనిచేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950లలో ఆయన కట్టిన ప్రయోగశాల ఇప్పుడు ఆయన పేరుమీదే ఉంది. భ్రమణాన్ని కనిపెట్టిన ఘనత ఆ ప్రయోగశాలది కాదు. కానీ ఈ శాస్త్రంలో రేడియోధార్మిక నమూనాతో, బీటా, గామా వర్ణపటమాపకంతో చేయగలిగిన పని ఎంతో ఉంది, హాఫ్నియం కథే దానికి సాక్ష్యం. భారీ త్వరణయంత్రాలు కొనలేని దేశంలో కేంద్రక శాస్త్రం వేళ్లూనుకోవడానికి వర్ణపటశాస్త్రమే వీలిచ్చింది.

రేడియోధార్మిక నమూనాలతో సాధ్యమైన మెట్లు ఎనిమిది పది స్పిన్‌ల దగ్గర ఆగిపోయేవి. ఇంకా వేగంగా తిప్పాలంటే ఏం చేయాలి? 1963లో ఆమ్‌స్టర్‌డామ్‌లో హరుహికో మొరినాగా, పీట్ గుగెలాట్ ఒక మార్గం చూపారు. వేగంగా వచ్చే ఆల్ఫా కణం కేంద్రకానికి ఓరగా తగిలి అందులో కలిసిపోతే, కొత్త కేంద్రకం గిర్రున తిరుగుతూ పుడుతుంది. కొన్ని న్యూట్రాన్లను ఆవిరిలా విదిలించి వేడి తగ్గించుకుంటుంది గానీ తిరగడం మానదు. ఆ తర్వాత మెట్టు వెంట మెట్టు గామా కిరణాలు విడుస్తూ దిగుతుంది. పుంజం పడుతుండగానే పక్కన డిటెక్టర్ పెట్టి ఆ కిరణాలను పట్టడమే. ఇదే కాలంలో సోడియం అయొడైడ్ స్ఫటికాల స్థానంలో జెర్మేనియం డిటెక్టర్లు వచ్చాయి. పాతవాటికి 600 కె.ఈ.వి. దగ్గర నలభై యాభై తేడా లేనిదే రెండు గీతలు విడిగా కనపడేవి కావు. జెర్మేనియంకు రెండు మూడు చాలు. ముసురు పట్టిన వర్ణపటం ఒక్కసారిగా తేటపడింది.

స్టాక్‌హోమ్‌లో ఆర్నె జాన్సన్, హాన్స్ రైడే, స్టార్కియర్ గడోలినియం మీదకు ఆల్ఫా కణాలను వదిలి డిస్ప్రోసియం-160 మెట్లను కొలుస్తున్నారు. మెట్టు ఎక్కేకొద్దీ గామా శక్తి పెరుగుతూ పోవాలి. కొంతదూరం పెరిగింది కూడా. స్పిన్ 14, 16 దగ్గరికి వచ్చేసరికి పెరగడం దాదాపు ఆగిపోయింది. 1971లో వాళ్లు దాన్ని ప్రకటించారు. తర్వాత ఇతర కేంద్రకాల్లో ఇంకా స్ఫుటంగా దొరికింది. ఎర్బియం-158లో గామా శక్తులు కిందినుంచి 192, 335, 443, 523, 579, 608 దాకా ఎక్కి, అక్కడినుంచి 510కి, 473కి జారిపోతాయి. అంటే కేంద్రకం స్పిన్ పెంచుకుంటూనే తిరిగే వేగం తగ్గించుకుంటోంది. జడత్వ భ్రామకాన్ని వేగంతో గ్రాఫ్ గీస్తే గీత వెనక్కి వంగుతుంది. దానికి బ్యాక్‌బెండింగ్ అనే పేరు స్థిరపడింది.

దీన్ని ముందే ఊహించినట్టు మొదట్లో చాలామంది అనుకున్నారు. 1960లోనే మొట్టెల్సన్, జార్జ్ వాలాటిన్ కలిసి, వేగం ఒక హద్దు దాటితే భ్రమణం జతలన్నిటినీ ఒకేసారి చెల్లాచెదరు చేస్తుందని, బలమైన అయస్కాంత క్షేత్రం అతివాహకతను చంపినట్టే ఇదీ జరుగుతుందని రాశారు. సొగసైన ఊహ. కానీ 1972లో బర్క్‌లీలో ఫ్రాంక్ స్టీఫెన్స్, సైమన్ మరో వివరణ ఇచ్చారు. జతలన్నీ కూలనక్కర్లేదు, ఒక్క జత విడిపోతే చాలు. పెద్ద కక్ష్యలో ఉన్న రెండు న్యూట్రాన్లు భ్రమణం ఒత్తిడికి జత వీడి, తమ స్పిన్‌లను కేంద్రకం తిరిగే అక్షం వైపు తిప్పుకుంటాయి. ఆ రెండూ కలిసి ఏకంగా 12 యూనిట్ల స్పిన్ సమకూరుస్తాయి. అంత స్పిన్ ఉచితంగా దొరికాక మిగతా గుంపు అంత వేగంగా తిరగవలసిన పని లేదు, అందుకే వేగం పడిపోతుంది. ఆ తర్వాతి కొలతలు చాలావరకు స్టీఫెన్స్ పక్షానే నిలిచాయి.

1975లో ఆగె బోర్, మొట్టెల్సన్, రెయిన్‌వాటర్‌లకు కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు. కణాల విడి కదలికకూ గుంపు కదలికకూ ఉన్న సంబంధాన్ని కనిపెట్టినందుకని కమిటీ చెప్పింది. బోర్, మొట్టెల్సన్‌ల గ్రంథం రెండో సంపుటం అదే ఏడాది వచ్చింది. మొదటిదానికీ దానికీ మధ్య ఆరేళ్లు.

బ్యాక్‌బెండింగ్ దగ్గర ఎర్బియం కేంద్రకం సెకనుకు 1 పక్కన 19 సున్నాలకు మించినన్ని చుట్లు తిరుగుతుంది. అయినా అది అసలు హద్దు కాదని 1986లో తేలింది. ఇంగ్లండ్‌లోని డేర్స్‌బరీలో పీటర్ ట్విన్ బృందం పల్లాడియం మీదకు కాల్షియం-48ను వదిలి డిస్ప్రోసియం-152ను తయారుచేసింది. దాని వర్ణపటంలో ఒకదానికొకటి దాదాపు 47 కె.ఈ.వి. ఎడంతో 19 గీతలు బారులు తీరి కనిపించాయి. పొడవు వెడల్పుకు రెట్టింపైన ఆకారం తిరుగుతుంటే వచ్చే గీతలవి. వాటిని పట్టిన యంత్రం గురించి, కింది మెట్లతో వాటిని కలిపే దారి దొరక్క పదహారేళ్లు సాగిన వెతుకులాట గురించి వచ్చే సంచికలో.

(సశేషం)